మూడు బారల సిగ్నల్

పొద్దున్నే స్నేహలత చీపురు పట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి నలుగురైదుగురు ఫోన్లు పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉండేవాళ్లు. ఆమె ఊడుస్తూ పోతుంటే వాళ్లూ వెనకాలే నడిచేవాళ్లు. నల్లా దగ్గరికి పోతే అక్కడికి. బర్ల కొట్టంలోకి పోతే, పక్కింటి ఇస్రాయేలు పెండలో నిలబడే బొంబాయిలో ఉన్న బిడ్డతో మాట్లాడేవాడు.

ఆ ఊరు కేతేపల్లికి నాలుగు కిలోమీటర్ల దూరంలో, గుట్ట చాటున ఉంది. టవరేమో గుట్టకు అవతల. ఫోన్లో ఒక్క గీత కూడా వచ్చేది కాదు. మూడేళ్ల కింద బీరన్న చిన్న కొడుకు నాగేందర్ పెళ్లి చేసుకుని వచ్చినప్పుడు, స్నేహలత గడపలో కాలు పెట్టగానే చుట్టాల జేబుల్లో ఫోన్లన్నీ మోగాయి. అప్పటినుంచి ఆమె చుట్టూ మూడు బారల దూరం దాకా సిగ్నల్ ఉంటోంది. దాన్ని ఎవరూ వింతగా అనుకోలేదు. "చిన్నకోడలు ఇంట్లున్నదా?" అని అడిగి, ఉంటే లోపలికి వచ్చేవాళ్లు. లేకపోతే మర్నాడు వచ్చేవాళ్లు.

వచ్చినవాళ్లందరికీ చాయ్ పెట్టేది మాత్రం పెద్దకోడలు నాగరాణి. ఆ ఇంటికి వచ్చి తొమ్మిదేళ్లయింది. అత్త గుర్వమ్మకు కాలు విరిగినప్పుడు ఆర్నెల్లు ఎత్తి దించింది తనే. అయినా ఎవరూ గేటు దగ్గర నిలబడి పెద్దకోడలు ఉన్నదా అని అడగలేదు. చాయ్ తాగుతూ కూడా అందరూ స్నేహలత ఎటు కదులుతుందా అని అటే చూసేవాళ్లు.

అదొక్కటే అయితే ఓర్చుకునేదేమో. నాగరాణి భర్త లింగస్వామి ఉగాది దాటగానే గొర్ల మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు పోయాడు. వానలు పడేదాకా రాడు. రోజూ పగటీలి, అన్నాల వేళకు ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్ అందుకోవాలంటే నాగరాణి తోటికోడలి పక్కన, ఆమెకు మాటలన్నీ వినపడేటంత దగ్గర్లో కూర్చోవాలి.

"తిన్నవా?" అనేవాడు.

"తిన్న. నువ్వు?"

"తిన్న."

ఇంకేదో అడగాలని గొంతుదాకా వచ్చేది. పక్కన స్నేహలత వంకాయలు తరుగుతూ ఉండేది. "సరే, పెట్టేస్త" అనేది నాగరాణి.

ఒకరోజు లింగస్వామి, పొట్టేలు తన చెప్పు ఎత్తుకుపోతే ఒంటి చెప్పుతో చెలకంతా దాని వెంట ఉరికిన సంగతి చెప్పాడు. నాగరాణికంటే ముందు స్నేహలత పకపకా నవ్వింది. అది విని, అవతల లింగస్వామి కూడా నవ్వి, "చెల్లె పక్కనే ఉన్నదా? బాగున్నదా?" అన్నాడు.

నాగరాణి ఫోన్ కట్ చేసింది.

"నా మొగడు మాట్లాడేది నాతోనా, నీతోనా?" అంది. "ఊరందరు నీ ఎనకనే తిరుగుతున్నరు. సాలలేదా?"

స్నేహలత వంకాయలు నీళ్లలో వేసి, చేతులు కడుక్కుని, బ్యాగు సర్దుకుని భువనగిరిలో తల్లిగారింటికి పోయింది.

మర్నాడు గేటు దాకా వచ్చినవాళ్లు అక్కడినుంచే తిరిగిపోయారు. నాగరాణి వాకిలి తనే ఊడ్చింది. అత్తమామలకు తీరుబడిగా చాయ్ ఇచ్చింది. ఇల్లు మళ్లీ తనదయినట్టు అనిపించింది. పగటీలి అయ్యాక మాత్రం చేయి దానంతటదే ఫోన్ మీదికి పోయింది. ఒక్క గీత కూడా లేదు. డాబా ఎక్కింది. నీళ్ల ట్యాంకు మీదికి కూడా ఎక్కి చెయ్యెత్తి చూసింది. మూడు రోజులు అంతే. ఆయన తిన్నాడో లేదో తెలియక ఆమెకు ముద్ద మింగుడు పడలేదు.

కింద వాకిట్లో నాగేందర్ కూడా ఫోన్ పైకెత్తుకుని తిరుగుతున్నాడు. నాలుగోరోజు తెల్లవారుజామునే భువనగిరి పోయి, పగటీలికల్లా భార్యను తోలుకొచ్చాడు.

స్నేహలత వచ్చీరాగానే చాటలో కందిపప్పు పోసుకుని అరుగు మీద కూర్చుంది. నాగరాణి నీళ్లు తెచ్చిచ్చి, అక్కడే నిలబడింది.

"అక్కా," అంది స్నేహలత చాటలోకి చూస్తూనే. "ఆయనొస్తే నాకోసమే అనుకొని సంబురపడ్డ. బస్సుల నా పక్కన కూసొని తొవ్వ పొడుగూత ఫోనే చూసిండు. ఇంట్ల గూడ గంతే. నా పక్కనే ఉంటడు, నా దిక్కు చూడడు. బావ గంత దూరంకెల్లి రోజు తిన్నవా అని అడుగుతడు. నేను పక్కన కూసొని ఇంట. నా కడుపు ఎట్ల మండుతదో నీకు తెల్వదు."

నాగరాణి ఆమె పక్కన కూర్చుంది. ఇన్నాళ్లూ అసూయ తన ఒక్కదానిదే అనుకుంది.

అంతలో ఫోన్ మోగింది. లింగస్వామి. స్నేహలత చాట పట్టుకుని లేవబోయింది.

"యాడికి? కూసో," అని నాగరాణి ఆమె చేయి పట్టుకుంది. పట్టుకునే ఫోన్లో మాట్లాడింది. "నువ్వు లేకుంటె నాకు ఇల్లు ఇల్లులెక్క ఉంటలేదు. తొమ్మిదేండ్లాయె, చెప్పనీకి సిగ్గయింది. ఈపారి వచ్చినంక మల్ల పోకు. మందను తక్కువ చేద్దాం, ఊరి చుట్టే మేపుకుందాం."

అవతల గొర్లను అదిలించడం వినిపించింది.

"సరే," అన్నాడు లింగస్వామి. "ఎల్లుండి మందను ఊరి దిక్కు మర్లేస్త."

సాయంత్రం నాగేందర్ ఎప్పటిలాగే భార్య పక్కన కూర్చుని ఫోన్ తీశాడు. గీత లేదు. ఆపేసి మళ్లీ పెట్టాడు. దగ్గరికి జరిగాడు. ఎదురుగా ఇస్రాయేలు గోడకానుకుని బిడ్డతో మాట్లాడుతూనే ఉన్నాడు. ఆ రోజు మొదలు స్నేహలత పక్కన అందరి ఫోన్లూ పలికాయి, నాగేందర్‌ది తప్ప.

కాసేపు చూసి అతను ఫోన్ అరుగు మీద పెట్టేశాడు. చూడటానికి వేరే ఏమీ లేక చాటలోకి చూశాడు. ఒక రాయి ఏరి పక్కన పడేశాడు.

"గిండ్ల ఇన్ని రాళ్లు ఎట్లొచ్చినయి?" అన్నాడు.

"ఎప్పుడూ ఇన్నే ఉంటయి," అంది స్నేహలత, చాటను ఇద్దరి మధ్యకు జరుపుతూ.