తోడల్లుడి చలవ

ఆ బస్సు డ్రైవరు జన్మలో చుక్క ముట్టి ఎరగడు. అయినా అతని కాలేయం గట్టిపడిపోయిందని తెలిసినప్పటి నుంచి చూడవచ్చిన ప్రతివాళ్ళూ ముందు అతనికేసి, తర్వాత అతని భార్యకేసి అదోలా చూసేవారు. ఏళ్ళ తరబడి సీట్లో కూర్చుని కూర్చుని కాలేయానికి కొవ్వు పట్టిందని, దానివల్లే లోపల మచ్చలు కట్టాయని చెప్పీ చెప్పీ ఆమె నోరు నొప్పెట్టింది. యూనిఫారాలు కుట్టే షాపులో పగలంతా మిషను తొక్కి, సాయంత్రం ఆసుపత్రి వరండాలో పడిగాపులు పడి, ఇంటికొచ్చి చప్పిడి వంట వండేసరికి ఎవరితోనూ వాదించే ఓపిక మిగిలేది కాదు.

అందరికంటే పెద్ద మాట అన్నది ఆమె అక్క మొగుడు. లిఫ్టులు బాగుచేసే మనిషి. నోటికి అడ్డూ ఆపూ లేదు. “చాటుగా పుచ్చుకుని ఉంటాడులే” అని నలుగురిలో అనేశాడు. ఆనాటి నుంచి తోడల్లుళ్ళిద్దరికీ మాటల్లేవు.

ఏదో మొక్క వేరు నుంచి తీసిన మందును కొత్తగా పరీక్షిస్తున్నామని, చేరతారా అని ఆసుపత్రి డాక్టరమ్మ అడిగితే డ్రైవరు చేరాడు. నెలలు గడిచాయి. తోటి రోగుల్లో కొందరికి గుణం కనిపించింది గాని అతనికి రవ్వంతైనా లేదు. డాక్టరమ్మ మరికొన్ని పరీక్షలు చేయించి సంగతి విడమరిచి చెప్పింది. వేరులోని సారం దానంతటది పనిచెయ్యదట. పేగుల్లో ఉండే ఒకరకం సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టి మార్చితేనే అది కాలేయానికి అక్కరకొస్తుందట. ఆ జీవులు ఇతని కడుపులో లేవు. ఆరోగ్యంగా ఉన్న మనిషి నుంచి తెచ్చి నాటాలి.

“నాటడమంటే ఎలాగండీ?” అంది ఆమె.

“వాళ్ళ మలాన్ని శుద్ధిచేసి గొట్టం మాత్రల్లో పెట్టి ఇస్తామమ్మా. రుచీ వాసనా ఏమీ తెలియవు.”

ఇంటిల్లిపాదికీ పరీక్షలు చేశారు. ఆమెకు లేవు. కూతురికి లేవు. అక్కకూ లేవు. అక్క బలవంతాన లాక్కొచ్చిన బావకు మాత్రం పుష్కలంగా ఉన్నాయి. అయితే ఇచ్చినన్నాళ్ళూ ఆయన తాగకూడదని డాక్టరమ్మ షరతు పెట్టింది. రోజూ సాయంత్రం సీసా ముందు కూర్చునేది ఆయనే మరి.

ఈ మాట చెప్పడానికి ఆమె బావ పనిచేస్తున్న చోటికే వెళ్ళింది. ఆయన ఆగిపోయిన లిఫ్టు ముందు చతికిలబడి ఉన్నాడు. అంతా విని, చేతులకంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకున్నాడు.

“అంటే నేను మందు మానితే గానీ ఆయన మందు పనిచెయ్యదన్నమాట” అన్నాడు. “సరే, రేపొస్తానని చెప్పు.”

పాత మాట ఆయన ఎత్తలేదు. ఆమే ఎత్తుదామనుకుంది గాని, ఎత్తితే ఏడుపొస్తుంది, ఏడుస్తూ నిలబడితే బస్సు వెళ్ళిపోతుంది. తలూపి వచ్చేసింది.

మొగుడికి చెప్పడం అంతకంటే కష్టమైంది. వద్దంటాడేమోనని ఆమె నాన్చి నాన్చి చెప్పింది.

“ఇన్నాళ్ళూ ఆయన నోట్లోంచి వచ్చింది మింగాను. ఇదెంతలే” అన్నాడతను.

ఆమెకు నవ్వొచ్చింది. ఎంతకీ ఆగలేదు. కళ్ళు తుడుచుకుంటుంటే అది నవ్వో మరొకటో ఆమెకే తెలియలేదు.

ఆ మాత్రలతోపాటు వేరు మందూ వాడిన కొన్ని నెలలకు స్కాను తీస్తే కాలేయం కాస్త మెత్తబడిందని తేలింది. కొన్ని మచ్చలు కరుగుతున్నాయని, కొన్ని ఎప్పటికీ పోవని, నాటిన జీవులు ఎన్నాళ్ళు నిలుస్తాయో తనకూ తెలియదని డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. డ్రైవరు డిపోలో తేలిక పనికి వెళ్ళసాగాడు. తోడల్లుళ్ళు ప్రాణస్నేహితులేమీ కాలేదు. ఎదురుపడితే బావ అతని పొట్టకేసి చూసి, “మావాళ్ళెలా ఉన్నారు?” అంటాడు. “తిని కూర్చుంటున్నారు” అంటాడు ఇతను. అంతటితో సరి.

స్కాను తీసిన మర్నాడు ఆమె షాపుకు సెలవు పెట్టి పగలే పడుకుంది. అక్క ఫోను చేసి, ఇంత మంచి కబురొచ్చినా గొంతులో సంతోషం లేదేమే అని అడిగింది.

“దానిక్కూడా ఓపిక కావాలక్కా. రేపు సంతోషపడతాలే” అని ఫోను పక్కన పెట్టి, ఆమె గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుంది.