గడ్డిబొమ్మ బరువు

బందరు శ్మశానంలో కట్టెల చితులు మాన్పించి మూడు నెలలయింది. ఒక్కో శవానికి మూడొందల కిలోల కట్టె, దాని పొగ లోకానికి చేటు అని లెక్కగట్టిన ‘హరిత బందరు’ ప్రాజెక్టు వాళ్ళు, సోలార్ పలకలతో నడిచే దహన యంత్రాన్ని తెచ్చి బిగించారు. మంచి పనే, కాదని ఎవరంటారు? కాకపోతే ఆ యంత్రం చేసినవాడికి సముద్రం తెలియదు. సముద్రంలో పోయినవాడు శవంగానైనా తిరిగొస్తాడన్న నమ్మకం లేదని వాడికెవరూ చెప్పినట్టు లేదు.

చేపల వేటకెళ్ళిన పడవ తిరగబడి నలభై రోజులైనా ధనరాజు ఒళ్ళు దొరకలేదు. అలాంటివాడికి దర్భతో బొమ్మ చేసి, వాడి లుంగీ, చొక్కా తొడిగి, తాతలు కాలిన చోటే కాల్చడం వాళ్ళ ఇంటి ఆచారం. తండ్రి నరసింహం ఆ బొమ్మను తెచ్చి బల్ల మీద పెడితే యంత్రం కూతపెట్టి ఆగిపోయింది. ముప్పై కిలోలు లేకపోతే తలుపు తెరుచుకోదట. ఖాళీ బల్లను కాల్చి కరెంటు తగలేయకూడదని ఆ ఏర్పాటు. బొమ్మ రెండు కిలోలు కూడా లేదు. పోనీ ఓ మూల కాల్చుకుంటామంటే, అన్ని వైపులా కెమెరాలు.

ముసలాయన కూలబడి ఏడ్చాడు. వెంట వచ్చినవాళ్ళంతా యంత్రానికి శాపనార్థాలు పెట్టారు. ధనరాజు భార్య సూర్యకుమారి మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమెకు వచ్చింది ఏడుపు కాదు, సంతోషం. బొమ్మ కాలితేనే కదా గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం! కాలనంతసేపూ మొగుడు బతికున్నట్టే. అదే పడవలో వెళ్ళి బతికి బయటపడ్డ మరిది దుర్గాప్రసాద్, “అన్నయ్య ఈదుకుంటూ వెళ్ళాడు వదినా, నా కళ్ళతో చూశాను” అని ఆమెకొక్కదానికే చెప్పాడు. దివిసీమ వైపు ఎక్కడో ఒడ్డెక్కి ఉంటాడు. ఈ సంగతి మనుషులకు తెలియకపోయినా మిషన్‌కి తెలిసిందనుకుంది. పిచ్చిది. అయినా అంతకుమించి ఆధారం లేని మనిషిని పిచ్చిదనడానికి నోరెలా వస్తుంది?

ఆ సంతోషం కాస్తా పది రోజులే. యంత్రం నడిపే దైవాధీనం జాలిగుండె మనిషి. ఆయనే నరసింహానికి ఫోన్ చేశాడు.

“మా వాళ్ళని మేం మట్టిలో పెట్టుకుంటామండీ. మీ పద్ధతులు నాకు తెలీవు. కొడుకుని సాగనంపలేని తండ్రి బాధ మాత్రం తెలుసు. బొమ్మ కింద తడి ఇసుక మూటలు పెట్టండి. ఇసుక కాలదు, మిషన్‌కి బరువూ సరిపోద్ది.”

గిలకలదిండి ఒడ్డున ఇసుక తవ్వి మూటలు కట్టి తెచ్చారు. ఈసారి కూత లేదు. తలుపు తెరుచుకుంది, బల్ల లోపలికి జరిగింది, తలుపు మూసుకుంది. ఇక మిగిలింది పచ్చ బటన్ నొక్కడమే. నిప్పు పెట్టాల్సినవాళ్ళే అది నొక్కాలి. బిడ్డలు లేరు కాబట్టి తమ్ముడు దుర్గాప్రసాద్ ముందుకొచ్చాడు.

“ఆగు ప్రసాదూ!” సూర్యకుమారి అడ్డంపడింది. “బతికున్న మనిషిని కాలుస్తారా? ఈదుకుంటూ వెళ్ళాడని నువ్వే కదా చెప్పావు! మావయ్యకి చెప్పు!”

దుర్గాప్రసాద్ చెయ్యి బటన్ మీదే ఆగింది.

“చెప్పవేం?”

“ఈదలేదు వదినా. పడవ అంచు తలకి తగిలింది. పోయాడని తెలుస్తూనే ఉంది. అయినా చెయ్యి పట్టుకునే ఉన్నాను, చాలాసేపు. నావల్ల కాలేదు... వదిలేశాను. శవాన్ని కూడా తేలేకపోయానని నీతో ఎలా చెప్పను?”

సూర్యకుమారికి మరిది మీద కోపం రాలేదు. అది తర్వాత వస్తుంది, జన్మంతా ఉంటుంది. ఈ యాభై రోజులూ రాత్రిపూట మొగుడికని అన్నం తీసి ఉంచినందుకు ఆమెకు సిగ్గేసింది.

“నేను నొక్కలేను వదినా. మళ్ళీ నా చేత్తో వదలలేను.”

“పక్కకి జరుగు.”

ఆడది నిప్పు పెట్టకూడదని అనడానికి అక్కడ ఎవరికీ నోరు రాలేదు. సూర్యకుమారి గాజుల చెయ్యి చాచి బటన్ నొక్కింది. తలుపు వెనక హోరు మొదలయ్యాక, మొగుడి కోసం మొట్టమొదటిసారి ఏడ్చింది.