రెండో డబ్బా

"బొమ్మ వచ్చిందా?" అని మహమూద్ మిద్దె మీది నుంచి అరిచాడు.

కింది నుంచి జవాబు రాలేదు. పానా పట్టుకున్న చేత్తోనే నుదుటి చెమట తుడుచుకుని మళ్లీ అరిచాడు. పక్కనే కంపెనీవాళ్లిచ్చిన సిగ్నల్ మీటరు ఉంది, అందులో గీతలన్నీ నిండుగానే ఉన్నాయి. అయినా కింద మనిషి "వచ్చింది" అని అరిస్తే తప్ప ఆయనకు పని అయినట్టుండదు. ఇరవై రెండేళ్లలో ఆయన నోటి వెంట ఎక్కువసార్లు వచ్చిన మాట ఇదే. పెళ్లాం పేరు కూడా అన్నిసార్లు పలికి ఉండడు.

యాభై ఆరేళ్ల మనిషి. పొట్టి, బక్క. గడ్డానికి పెట్టిన గోరింట సగం దిగిపోయి ఎరుపూ తెలుపూ కలిసి ఉంది. కుడి మోకాలు వంగితే లేవదు, లేస్తే వంగదు. అందుకని మిద్దె మీద ఆ కాలు చాపుకునే కూర్చుంటాడు. వేళ్ల నిండా వైరు గీసిన సన్నటి గాట్లు. నాగర్‌కర్నూల్ చుట్టుపక్కల ఆయన్ను ఉత్త మహమూద్ అంటే ఎవరూ గుర్తుపట్టరు, డిష్షు మహమూద్ అనాలి. నమాజుకు పడమర, డిష్షుకు ఆగ్నేయం. ఈ రెండు దిక్కులూ నిద్రలో లేపి అడిగినా చెప్తాడు.

ఈ ఊరు తెలకపల్లి దాటి ఆరు కిలోమీటర్లు. ఇల్లు వెంకట్రాములుది. ఆయన పేరు మీద ఒక డిష్షు, హాల్లో ఒక సెట్‌టాప్ డబ్బా ఎప్పటినుంచో ఉన్నాయి. ఇప్పుడు అదే ఖాతాకు రెండో డబ్బా కలపాలి. అది తమ్ముడి భార్య సౌందర్య గదిలోకి. ఆమె పొద్దంతా పత్తి చేలో ఉంటుంది, సాయంత్రం వచ్చేసరికి సీరియల్ అయిపోతుంది. అందుకని రికార్డు చేసుకునే డబ్బా కావాలంది. మహమూద్ డిష్షు ముందరి ముక్కు విప్పి రెండు వైర్లు పట్టే ముక్కు బిగించాడు, కొత్త వైరు గోడ వెంబడి దించాడు, డబ్బా పెట్టాడు. కొత్త డబ్బాకు ఆమె నంబరే రాయించారు. ఇక కంపెనీ నుంచి ఆమెకు ఒక ఫోను రావాలి, ఆమె అవునంటే డబ్బా తెరుచుకుంటుంది. అంతే పని.

ఆ అంతే పని మీదే ఆయన బతుకు ఆధారపడి ఉంది. కొత్తగా ఒక పద్ధతి పెట్టారు. పనిలో మూడు తప్పులు పడితే పనివాడి ఐడీ దానంతటదే మూతపడుతుంది. ఐడీ లేకపోతే ఏ డబ్బా తెరుచుకోదు, ఎవరూ పని చెప్పరు. మొదటి తప్పు అచ్చంపేటలో పడింది. ఆయన బిగించిన డిష్షును కోతులు వారంలో రెండుసార్లు తిప్పేశాయి. ఆ కోతుల తప్పు ఆయన పేరు మీద రాశారు. రెండోది తెలకపల్లిలో. ఓటీపీ చెప్పమంటే ఒక ముసలాయన, బ్యాంకు దొంగ అనుకుని ఫోను పెట్టేశాడు. "ఇంకొక్కటి పడితే నేనేం చెయ్యలేను భాయ్, జర పైలం" అని డీలర్ జగదీశ్ నిన్ననే చెప్పాడు.

జేబులో ఫోను మోగింది. మహమూద్ కళ్లకు దూరంగా పెట్టుకుని చదివాడు. తెర మీద ఎర్రటి అక్షరాలు. అదనపు కనెక్షన్ తిరస్కరించబడింది. కారణం: వేరే ఇల్లు.

ఆయనకు మొదట అర్థం కాలేదు. వేరే ఇల్లేమిటి? తను కూర్చున్నది ఈ ఇంటి నెత్తి మీదే కదా. మోకాలి నొప్పి మరిచిపోయి గబగబా మెట్లు దిగాడు.

వసారాలో సౌందర్య ఫోను చేత పట్టుకునే నిలబడి ఉంది.

"బిడ్డా, ఫోన్ల ఏమడిగిన్రు?"

"కొత్త డబ్బా మొదటి డబ్బా ఉన్న ఇంట్లనే పెట్టిన్రా అని అడిగిన్రు చాచా."

"నువ్వేమన్నవ్?"

"ఉన్నదే చెప్పిన. లేదమ్మా, మాది వేరే ఇల్లు అని. ఉగాది కాడ వేరుపడ్డం గదా!"

మహమూద్‌కు నవ్వొచ్చింది, వెంటనే మూడో తప్పు సంగతి గుర్తొచ్చింది. వచ్చేటప్పుడే చూశాడు ఆయన. వసారా మధ్యలో నడుమెత్తు ఇటుక గోడ, ఇంకా సున్నం వేయలేదు. అటు పాత వంటిల్లు, ఇటు రేకుల కింద కొత్త పొయ్యి. ఈ తావున ఇల్లంటే గోడలు కాదు, పొయ్యి. తన అన్నదమ్ములు విడిపోయినప్పుడు ఒకే గదిలో నడిమధ్య చీర కట్టుకుని బతికారు. అప్పుడు వాళ్లమ్మ కూడా చుట్టాలకు "ఇండ్లు వేరైనయి" అనే చెప్పుకుంది. సౌందర్య అన్నదాంట్లో అబద్ధం ఒక్క అక్షరం లేదు. అవతల ఫోనులో ఉన్న పిల్లకు మాత్రం ఇల్లంటే డోరు నంబరు. రెండో డబ్బా అదే నంబరులో లేకపోతే తప్పు బిగించినవాడి మీద పడుతుంది.

ఆయన కంపెనీకి ఫోను కలిపాడు. పావుగంట పాట విన్నాక ఒక ఆడపిల్ల పలికింది.

"సార్, కస్టమర్ గారే వేరే ఇల్లని కన్ఫర్మ్ చేశారు సార్."

"అమ్మా, ఇల్లు వేరే అంటే పొయ్యి వేరే అన్నట్టు. కప్పు ఒకటే. గా కప్పు మీదికెంచే దిగొచ్చిన నేను."

"గ్యాస్ కనెక్షన్ విషయం మా దగ్గర ఉండదు సార్" అంది ఆ పిల్ల, ఎంతో మర్యాదగా.

ఆ పిల్లను తిట్టబుద్ధి కాలేదు ఆయనకు. ఆమె కూడా ఎవరో రాసిచ్చిన మాటలే చదువుతున్నట్టుంది. చివరికి ఒక దారి చెప్పింది. ఏ నంబరు నుంచి జవాబు వచ్చిందో ఆ నంబరు నుంచే గంటలోపు ఫోను చేసి, అదే ఇల్లు అని ఆవిడే తన నోటితో చెప్పాలి. కాల్ రికార్డవుతుంది. అప్పుడు తప్పు కొట్టేస్తారు.

మహమూద్‌కు ప్రాణం లేచి వచ్చింది. "బిడ్డా, ఒక్క మాట చెప్పు చాలు. అదే ఇల్లు అను. లేకుంటే నా ఐడీ పోతది. ఇది మూడోది."

"అయ్యో, దానికేముంది చాచా, చెప్త" అని సౌందర్య నంబరు నొక్కబోయింది.

అప్పుడే గోడకు అవతలి వైపు వెంకట్రాములు వచ్చి నిలబడ్డాడు. భుజాన తువ్వాలు, పెదాల మీద నవ్వు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో తెలియదు.

"చెప్పమ్మా, చెప్పు. ఒకటే ఇల్లని చెప్పు. రికార్డు అయితదంట గదా, మంచిదే" అన్నాడు.

సౌందర్య వేలు ఆగిపోయింది.

మహమూద్ ఆమె ముఖం చూశాడు. పల్లెల్లో వేల గుమ్మాలు తొక్కిన మనిషి, ఆయనకు విడమరిచి చెప్పక్కర్లేదు. పొయ్యిలు విడిపోయాయి కానీ కాగితాలు కాలేదు. బావి కింది రెండెకరాలు ఇంకా పంచుకోలేదని పొద్దున వైరు దించేటప్పుడు ఆమె అననే అంది. మనం వేరుపడలేదు, ఉమ్మడి ఇల్లే అని అన్న వాదిస్తున్నాడన్నమాట, అట్లయితే భూమి పంచే పని ఉండదు. ఖాతా తన పేరు మీదే ఉండనీ, రెండో డబ్బాకు నెలనెలా తక్కువ పడుతుంది అని వెంకట్రాములు పొద్దున అంత ప్రేమగా ఎందుకు చెప్పాడో ఇప్పుడు తెలిసింది.

"అన్నా," అన్నాడు మహమూద్ గోడ దగ్గరికి వెళ్లి, "గీ ఫోన్ల మాటను పంచాయతీలకు తేనని ఒక్క మాటియ్యి. నా బువ్వ గురించి అడుగుతున్న."

"నేనేమంటున్న భాయ్? నిజం చెప్పుమంటున్న. నిజం చెప్తానికి మాటలు, ఒట్లు ఎందుకు?" అని వెంకట్రాములు అక్కడే అరుగు మీద కూర్చున్నాడు. లేచి వెళ్లే ఉద్దేశం లేదు.

సౌందర్య భర్త దినేష్‌కు ఫోను చేసింది. అతను రాయచూరు దిక్కు వరికోత మిషన్ మీద పోయి ఇరవై రోజులైంది. మోగింది, ఎత్తలేదు. నాలుగుసార్లు చేసింది. మహమూద్ మెట్ల మీద కూర్చుని మిగిలిన వైరు చుట్టుకుంటూ ఉన్నాడు. ఒక్కసారి మాత్రం నోరు తెరిచి "బిడ్డా, గంట అయితున్నది" అన్నాడు.

ఆమె దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. కళ్లనిండా నీళ్లు.

"చాచా, రేపు పెద్దమనుషుల ముందర గా మాట వినిపిస్తే నేనేం జెయ్యాలె? నా నోటితోటి నేను ఒకటే ఇల్లంటే, నా పిల్లల నోట్ల నేనే మన్ను కొట్టినట్టు. నీ కాళ్లు మొక్కుత, నాతోని కాదు."

కాదు పొమ్మని మొండికేస్తే కోపమైనా తెచ్చుకునేవాడు. ఆమెది న్యాయమే. తనకు కూతురుంటే ఆ మాట అనొద్దనే చెప్పేవాడు. అదే ఆయన్ను ఎక్కువ బాధపెట్టింది, తిట్టుకోవడానికి కూడా ఎవరూ మిగల్లేదు.

"కాళ్లెందుకు బిడ్డా. ఉండనియ్యి" అన్నాడు.

పన్నెండుంపావుకు ఫోను మళ్లీ మోగింది. ఐడీ మూసివేయబడింది. ఇన్నేళ్ల సేవకు ధన్యవాదాలు అని కింద ఒక పువ్వు బొమ్మ. ఆయన మళ్లీ మిద్దెక్కి కొత్త ముక్కు విప్పి, పాతది బిగించి, డబ్బా సంచిలో వేసుకున్నాడు. సౌందర్య మజ్జిగ తెచ్చింది. వద్దంటే ఆ పిల్ల మరీ కుమిలిపోతుందని నిలబడే తాగేశాడు.

నాగర్‌కర్నూల్లో జగదీశ్ షాపులో ఇప్పుడు డిష్షులు ఒక మూలకు పోయాయి. ముందర నిండా ఇంటర్నెట్ కేబుల్ చుట్టలు. జగదీశ్‌కు మొదటిసారి పానా పట్టించింది మహమూదే. బస్టాండ్ పక్కన తన తండ్రి నడిపిన రేడియో రిపేరు కొట్టులో, ఒకే స్టూలు మీద సగం సగం కూర్చుని నేర్పాడు. ఇప్పుడు జగదీశ్ తల ఎత్తకుండా మీటరు, డబ్బా తీసుకుని లోపల పెట్టాడు.

"ఫోను నీ ముందట్నే ఎత్తియ్యాలె భాయ్. ఎన్నిసార్లు చెప్పిన?"

"మిద్దె మీదుంటి."

"నెట్టు పనిల పెడుదునేమో గని, టెన్త్ సర్టిఫికెట్ అడుగుతున్రు."

మహమూద్ ఏడో తరగతితో బడి మానేసి తండ్రి పక్కన కూర్చున్నవాడు. ఆ సంగతి జగదీశ్‌కు తెలుసు. తెలిసే అన్నాడని మహమూద్‌కూ తెలుసు. చాయ్ తాగమని ఎవరూ అనలేదు, ఆయనా ఆగలేదు.

ఇంటికి వచ్చేసరికి భార్య హాజిరా మిషన్ మీద ఎవరిదో జాకెట్టు కుడుతోంది. పిల్లల్లేని ఇల్లు, ఇద్దరి మధ్య మాటలు ఎప్పుడూ తక్కువే. ఆయన రెండు ముక్కల్లో చెప్పాడు. ఆమె మిషను ఆపింది, చాలాసేపు చక్రం మీద చేయి అట్లాగే ఉంచింది. తర్వాత అన్నం తిన్నావా అని అడిగింది. తినలేదన్నాడు. పెట్టింది. సగం తిని చేయి కడుక్కుని, రెండేళ్లుగా తప్పించుకుంటూ వచ్చిన ఫోను తనే చేశాడు, హైదరాబాదులో ఉన్న మేనల్లుడు ఫయాజ్‌కు. వాడు పనిచేసే అపార్టుమెంట్లో వాచ్‌మన్ కావాలి. మెట్ల కింద గది ఉంది, కానీ ఒక్కడికే. ఆడవాళ్లను ఉంచుకోనివ్వరట.

"ఎన్ని రోజులు?" అంది హాజిరా.

ఆయన అటక మీది సంచి దించి దుమ్ము దులిపాడు.

శుక్రవారం నమాజు అయ్యాక మహమూద్ బస్సెక్కాడు. హాజిరా బస్టాండ్ దాకా వచ్చింది. కిటికీలోంచి ఏదో చెప్పబోయాడు, బస్సు కదిలింది. ఆమె అక్కడే నిలబడి, బస్సు మలుపు తిరిగాక కూడా కొంచెంసేపు ఉండి, ఇంటికి వచ్చి బట్టలు నానబెట్టింది. అలవాటుగా ఆయన చొక్కా జేబులో చేయి పెడితే జానెడు నల్ల వైరు ముక్క దొరికింది. తడి చేయి కొంగుకు తుడుచుకుని దాన్ని గూట్లో పెట్టింది. ఒక కొసకు ఇత్తడి పిన్ను గట్టిగా బిగించి ఉంది, రెండో కొస పైతొక్క ఇంకా చెక్కనే లేదు.