ఎనిమిదో కార్డు

గురువారం మధ్యాహ్నం కోచ్ ట్రాట్ నా ఉతుకుల గదిలోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, ఒక కాగితం నా చేతిలో పెట్టాడు. ఆదివారం ఫైనల్ ఆడబోయే పదిహేడుమంది పేర్లు. ఏ చొక్కా ఎవరి కొక్కేనికి తగిలించాలో నాకు తెలియాలి కదా, అందుకని క్రాస్‌బెక్ రగ్బీ క్లబ్బులో జట్టు సంగతి ఆటగాళ్ళకన్నా ముందు నాకే తెలుస్తుంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇదే పద్ధతి.

కాగితం రెండుసార్లు చదివాను. తొమ్మిది దగ్గర కై. పద్నాలుగు దగ్గర రోలీ.

"తారుమారు రాశారేమో బాస్."

"లేదు మావిస్. చూసుకునే రాశా."

తొమ్మిది అంటే ఆట మొదలుపెట్టే హుకర్. పద్నాలుగు అంటే బెంచీ మీద కూర్చుని వంతు కోసం చూసే రెండో హుకర్. మా ఆటలో పట్టుబడి కిందపడ్డవాడు లేచి బంతిని కాలితో వెనక్కి దొర్లిస్తాడు. దాన్ని ఎత్తుకునే మొదటి చేతులు హుకర్‌వే. ఎవరికి విసరాలో, లేక తానే సందు చూసుకుని దూరాలో కనురెప్ప వేసేలోగా తేల్చుకోవాలి. బంతి ఎదుటివాళ్ళ దగ్గరుంటే మధ్యలో నిలబడి, తనకన్నా రెండింతలున్నవాళ్ళను పడగొట్టాలి. ఎనభై నిమిషాలు ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. అందుకే ఇద్దరు. మొదలుపెట్టినవాడే చివర్లో మళ్ళీ వచ్చి ఆట ముగిస్తాడు. పద్నాలుగోవాడు నడుమ అరగంట లాగుతాడు.

పన్నెండేళ్ళుగా తొమ్మిదో చొక్కా రోలీ హెప్‌వర్త్‌ది. ముప్పై అయిదు నిండాయి. ఆదివారంతో ఆట మానేస్తున్నాడని ఊరంతటికీ తెలుసు.

"అతనికి మీరు చెప్పారా?"

"రేపు చెప్తాలే."

"చొక్కా చూసి తెలుసుకోకూడదు బాస్."

"చెప్తానన్నాను కదా!"

చెప్పలేదు. నాకు ఆదివారం పొద్దున తెలిసింది. రోలీ ఎప్పటిలాగే అందరికన్నా ముందొచ్చి, నా గదిలో టీ తాగి, చప్పరిస్తూ వెళ్ళి, కొక్కెం ముందు ఆగిపోయాడు.

"నానమ్మా, ఇది నాది కాదే. పొరపాటున తగిలించావు."

ఇక్కడ అందరికీ నేను నానమ్మనే. "పొరపాటు కాదు నాయనా," అన్నాను.

అతను చొక్కా అంచు పట్టుకుని కాసేపు చూశాడు. "రెండు ఫైనల్స్ ఆడాను. మొదటిదానికి నేనింకా కుర్రాణ్ణి, ఇదే పద్నాలుగు. రెండోదానికి మోకాలు పోయింది. రెండుసార్లూ ఆఖరి హూటర్ మోగేసరికి దుప్పటి కప్పుకుని బెంచీ మీదున్నా. ఈ ఒక్కసారైనా అది మోగేటప్పుడు నా బూట్ల కింద గడ్డి ఉంటే చాలనుకున్నా. ఇంకేమీ కోరలేదు నానమ్మా."

అంతలో కై వచ్చాడు. తొమ్మిదో చొక్కా చూసి చెవులదాకా ఎర్రబడ్డాడు.

"నేనడగలేదు రోలీ. ఒట్టు."

"నిన్ను నేనేమైనా అడిగానా?"

అంతే. ఆ తరువాత ఇద్దరూ ఒకరివైపు ఒకరు చూసుకోలేదు. నూట ఇరవై కిలోల నట్టర్ వచ్చి, "ఏంట్రా ఇది, ఫైనల్‌కొచ్చామా, పరామర్శకొచ్చామా?" అని అరిచినా ఎవరూ నవ్వలేదు.

ఆ ఇద్దరి మధ్య ఒక అలవాటు ఉంది. రోలీ పెట్టిందే. మైదానం నుంచి బయటికి వచ్చే హుకర్ గీత దగ్గర ఆగి, లోపలికి వెళ్ళేవాడి మెడ చుట్టూ చెయ్యి వేసి, చెవిలో ఒక మాట చెప్పాలి. ఎదుటివాళ్ళలో ఎవరు అలిసిపోయారు, ఎవరు తొందరపడుతున్నారు, ఎక్కడ సందు ఉంది. మూడు సెకన్ల పని. ఈ ఏడాది మేము గెలిచిన ఆటల్లో సగం ఆ మూడు సెకన్లలోనే గెలిచామని నేనంటాను. ఇప్పుడు వీళ్ళు మాట్లాడుకోకపోతే?

మనం నిలబడి చూస్తూ ఉండగానే మనిషి వెళ్ళిపోతాడు. మా అక్క ఆస్ట్రేలియా ఓడ ఎక్కేటప్పుడు చెప్పవలసింది గొంతులోనే ఉంచుకుని చెయ్యి మాత్రం ఊపాను. నలభై తొమ్మిదేళ్ళయింది. ఆ మాట ఇంకా గొంతులోనే ఉంది.

మూడు గంటలకు ఆట. వాన సన్నగా పడుతోంది. ఇది గెలిచిన జట్టే పై డివిజనుకు ఎక్కుతుంది, మేమో, ఎదుటి సాల్ట్‌హావెన్‌వాళ్ళో. గేటు దగ్గర మాంసం కూరిన పైల వాసన, ఉడికిన బఠానీల వాసన, డప్పులు, పదకొండు వేలమంది గొంతులు. నేను బెంచీ చివర నా స్టూలు మీద కూర్చున్నాను. చెవిలో రేడియో, ఏప్రన్ జేబులో ఎనిమిది పచ్చ కార్డులు. మార్పుకు ఒక కార్డు. పైన స్టాండులోంచి కోచ్ రేడియోలో చెప్తాడు, నేను కార్డు పట్టుకెళ్ళి బల్ల దగ్గరి అధికారికి ఇస్తాను. ఎనిమిది అయిపోతే ఇక ఎవరి ఎముక విరిగినా వాడే ఆడాలి. పదకొండేళ్ళ క్రితం ఈ పని నాకెందుకిచ్చారంటే, అంతకుముందువాళ్ళందరూ ఆట చూస్తూ లెక్క మరిచిపోయేవారు. నేను లెక్క మరవను. రాత్రిపూట గొళ్ళెం వేశానా లేదా అని మూడుసార్లు లేచి చూసే మనిషిని.

కై మొదలుపెట్టాడు. అబ్బ, ఏం మొదలు! నాలుగో నిమిషంలోనే బంతి ఎత్తుకుని ఇద్దరి మధ్యలోంచి చేపపిల్లలా జారాడు. వాళ్ళ గీత అవతల బంతి ఆనించాడు, దాన్నే ట్రై అంటారు, నాలుగు పాయింట్లు; ఆ పైన కిక్కుకు రెండు. ఆరు సున్నా. పక్కన రోలీ చప్పట్లు కొట్టాడు, కానీ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకునే కొట్టాడు.

సాల్ట్‌హావెన్‌వాళ్ళు ఊరుకుంటారా? వరసగా కై మీదికే మనుషుల్ని పంపించారు. పడగొట్టు, లే, మళ్ళీ పడగొట్టు. ఇరవై ఎనిమిదో నిమిషానికి రేడియో గరగరలాడింది. "తొమ్మిది బయటికి, పద్నాలుగు లోపలికి." మూడో కార్డు.

కై గీత దాటాడు. రోలీ చెవి వంచి ఆగాడు. నేను చూశాను, నిజంగా ఆగాడు. కై తల దించుకుని పక్కనుంచి వెళ్ళిపోయాడు.

"ఒరేయ్!" అన్నాను నేను. వాడు నా వైపు చూడలేదు.

సగం ఆటకు మేము ఆరు, వాళ్ళు పన్నెండు. నలభై ఎనిమిదో నిమిషంలో అయిదో కార్డు: రోలీ బయటికి, కై లోపలికి. ఈసారి రోలీ ముందే పక్కకు తిరిగిపోయాడు. దుప్పటి తీసి భుజాల మీద కప్పబోతే తోసేశాడు.

"కప్పకు నానమ్మా. దాన్ని చూస్తేనే ఒళ్ళు మండుతోంది."

యాభై ఎనిమిదో నిమిషంలో వాళ్ళ పన్నెండో నంబరు నట్టర్‌ను పీక మీద కొట్టాడు. ఆ పర్వతం పడిన చప్పుడు నాకిక్కడికి వినిపించింది. రెఫరీ పసుపు కార్డు చూపి ఆ పన్నెండోవాణ్ణి పదినిమిషాలు బయట కూర్చోబెట్టాడు. నట్టర్‌ను నడిపించి తెచ్చారు, బదులు ఇంకొకణ్ణి పంపారు. దానికి నేను పచ్చ కార్డు ఇవ్వలేదు, తెల్లచీటీ ఇచ్చాను.

ఎందుకిచ్చానో ఇక్కడే చెప్పాలి. పద్నాలుగేళ్ళకు బడి మాని నూలుమిల్లులో చేరినదాన్ని. చదువంతా ఆ తరువాత గ్రంథాలయంలో నాకు నేనుగా కూడబలుక్కున్నదే. ఈ ఆట నిబంధనల పుస్తకం పెన్సిలుతో గీతలు గీస్తూ ఏడుసార్లు చదివాను. ఎదుటివాడి మొరటు దెబ్బకు మనవాడు బయటికి వస్తే, ఆ ఎదుటివాణ్ణి రెఫరీ బయట కూర్చోబెడితే, ఆ మార్పు ఎనిమిదిలో లెక్కకు రాదు.

వాళ్ళు పదమూడుమందికి పన్నెండుమందే ఉన్న ఆ పదినిమిషాల్లో మావాళ్ళు చెలరేగిపోయారు. ఆరు, పద్దెనిమిదిగా ఉన్నది పదహారు, పద్దెనిమిది అయింది! అరుపులకు పైకప్పు రేకులు అదిరాయి. కానీ ఆ రెండు ట్రైలకూ బంతి మోసింది కైయే. డెబ్బై ఒకటో నిమిషం వచ్చేసరికి వాడు ప్రతి పట్టుకూ ఒక అడుగు ఆలస్యంగా చేరుతున్నాడు. బంతి విసిరి, చేతులు తొడల మీద ఆనించి వంగిపోతున్నాడు.

"వాడైపోయాడు," అన్నాడు నట్టర్ మెడ మీద ఐసు సంచితో. "కాళ్ళు చూడు నానమ్మా, ఉడికిన నూడుల్స్."

రోలీ లేచి నిలబడ్డాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు.

రేడియోలో కోచ్ గొంతు: "కైయే ఆఖరిదాకా లాగాలి, తప్పదు. కార్డులు అయిపోయాయి."

నా చెయ్యి జేబులోకి వెళ్ళింది. ఒక కార్డు ఉంది. తీసి చూసి, లోపల పెట్టి, మళ్ళీ తీశాను. ఇన్నేళ్ళలో ఆ రేడియోలో "సరే బాస్" తప్ప ఇంకో మాట అనలేదు. పైన కోచ్ పక్కన ఇద్దరు సహాయకులు కాగితం మీద గీతలు పెడుతూ ఉంటారు. వాళ్ళు తప్పా? నేను తప్పా? నేనే తప్పయితే తొమ్మిదో మార్పు చేశామని ఆట మొత్తం పోతుంది.

పరుగెత్తినట్టే నడిచి బల్ల దగ్గరికి వెళ్ళాను. "బాబూ, మాకెన్నయ్యాయి?"

"ఏడు, అమ్మా. నీ తెల్లచీటీ లెక్కలో లేదు."

బటను నొక్కాను. "బాస్, ఒకటుంది."

"లేదు మావిస్! ఎనిమిది గీతలున్నాయిక్కడ."

"నట్టర్‌ది కూడా గీశారు మీవాళ్ళు. వాణ్ణి కొట్టినవాడికి పసుపు కార్డు ఇచ్చారు. అది లెక్కకు రాదు. బల్ల దగ్గర అడిగాను. కార్డు నా చేతిలో ఉంది."

ఒక్క క్షణం గరగర. వెనకనుంచి ఎవర్నో తిడుతున్నాడు. నేను ఊపిరి తీసుకోకుండా ఇంకో మాట కూడా అనేశాను: "కైకి కాళ్ళు లేవు బాస్. రోలీ నిలబడే ఉన్నాడు."

"పంపు! పంపు, తల్లీ, పంపు!"

కార్డు బల్ల మీద పెట్టి నేను తిరిగేసరికి రోలీ గీత దగ్గరే ఉన్నాడు. డెబ్బై మూడో నిమిషం. కై తూలుతూ వచ్చాడు. ముఖమంతా బురద, ఏడుస్తున్నాడో వానో తెలియలేదు. పక్కనుంచి వెళ్ళిపోబోయాడు.

"కై!" అని అరిచాను. నాకంత గొంతుందని నాకే తెలియదు. "చెప్పి రారా! చెప్పకుండా రాకు!"

వాడు ఆగాడు. వెనక్కి తిరిగి రోలీ మెడ చుట్టూ చెయ్యి వేసి, నుదురు నుదురుకు ఆనించాడు. పెదాలు కదిలాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. రోలీ వాడి చెంప మీద ఒక్కటి చరిచి లోపలికి ఉరికాడు.

"ఏం చెప్పావురా?" అన్నాడు నట్టర్.

"వాళ్ళ పదో నంబరు... పట్టుకున్నాక లేవలేకపోతున్నాడు. కుడివైపు." వాడు నా పాదాల దగ్గర గడ్డి మీద కూలబడ్డాడు. "మొదటిసారే చెప్పాల్సింది నానమ్మా. అప్పటికే కనబడింది. సిగ్గేసింది."

దుప్పటి వాడి మీద కప్పాను.

డెబ్బై ఆరు. బంతి మా చేతికొచ్చింది. ఆరుసార్లు పట్టుబడేలోగా ముగించాలి. ఒకటి. రోలీ నింపాదిగా ఎత్తి ఎడమకు విసిరాడు. రెండు. మళ్ళీ ఎడమకే. మూడు, ఎడమకే. "అదేంట్రా, కుడి అని చెప్పాను కదా!" అని కై గడ్డి పీకుతున్నాడు. నాలుగు. వాళ్ళ గీతకు పన్నెండు గజాలు. అయిదోసారి మావాణ్ణి పడగొట్టింది ఆ పదో నంబరే. ఎడమవైపునుంచి బంతి కోసం నలుగురు కేకలు వేస్తున్నారు, మైదానంలో ప్రతి తలా అటే తిరిగి ఉంది. రోలీ వంగాడు, ఎడమకు చూశాడు, భుజం కూడా ఎడమకే తిప్పాడు.

కుడికి దూకాడు. పదో నంబరు ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాడు. అతని చెయ్యి రోలీ చొక్కా పట్టుకుంది, సాగింది, జారిపోయింది. ముప్పై అయిదేళ్ళ మనిషి బురదలో బొర్లా జారుకుంటూ పోయి గీత అవతల బంతి ఆనించాడు.

నట్టర్ నన్ను స్టూలుతో సహా పైకెత్తేశాడు. ఐసు సంచి నా నెత్తిన పగిలింది. ఇరవై, పద్దెనిమిది! ఆ పైన కొట్టిన కిక్కు స్తంభానికి తగిలి బయటపడింది, రెండు పాయింట్ల తేడా అలాగే ఉంది. ఇంకా డెబ్బై సెకన్లు మిగిలాయి. సాల్ట్‌హావెన్‌వాళ్ళు బంతిని కావాలనే పొట్టిగా తన్ని తామే పట్టుకున్నారు. నేను కళ్ళు మూసుకున్నాను, తెరిచాను. రోలీ ఒకణ్ణి పడగొట్టాడు. లేచాడు. ఇంకొకణ్ణి. లేచాడు, పక్కకు తూలాడు. "లే రోలీ, లే!" అని కై దుప్పటితోనే గీతమీదికి పరుగెత్తాడు. అధికారి వెనక్కి లాగాడు. చివరివాడు తల వంచుకుని వచ్చాడు. రోలీ భుజం వాడి పొట్టలోకి వెళ్ళింది. బంతి ఎగిరిపడింది.

హూటర్.

రోలీ ఎక్కడున్నాడని వెతికాను. ఉన్నచోటే, వెల్లకిలా, రెండు చేతుల నిండా గడ్డి పట్టుకుని ఉన్నాడు. అందరికన్నా ముందు అతని మీద పడింది దుప్పటితో కై.

గంటన్నర తరువాత పాటలు, షాంపేను, తిట్లు, అన్నీ మేడ మీదికి వెళ్ళిపోయాయి. కోచ్ కిందికొచ్చి, "మావిస్, వచ్చే ఏడాది ఆ గీతలు కూడా నువ్వే గీయి," అని వెళ్ళాడు. బుట్టలో చొక్కాలు లెక్కపెట్టాను. పదహారు. మళ్ళీ లెక్కపెట్టాను. పదహారే. ఏది లేదో చూడకుండానే తెలుసు.

మార్చుకునే గది తలుపు సగం తీసి ఉంది. పద్నాలుగో చొక్కా ఒంటిమీదే, బూట్లు కాళ్ళకే, రోలీ తొమ్మిదో కొక్కెం కింద కూర్చుని ఉన్నాడు. పక్కన కై. రోలీ చెయ్యి వాడి మెడ చుట్టూ ఉంది, నోరు వాడి చెవి దగ్గరుంది. మూడు సెకన్లు కాదు, చాలాసేపటినుంచీ చెప్తున్నట్టున్నాడు. కై తల ఊపుతున్నాడు.

నేను తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, పదహారు చొక్కాలతోనే మిషను తిప్పాను.