అగ్గిపెట్టెలో వచ్చిన నమూనా

డబ్బా మీద చీటీ అంటించడం కంటె ఘనమైన కార్యం మానవజాతి చరిత్రలో మరొకటి లేదు. రాజ్యాలు స్థాపించినవాళ్ళున్నారు, సముద్రాలు దాటినవాళ్ళున్నారు. కానీ ఉప్పేదో పటికేదో మూత తియ్యకుండా చెప్పగలిగిన నాడే మనిషి మృగదశను విడిచాడని నా నిశ్చితాభిప్రాయం.

ఈ ఉదయం తొమ్మిది గంటలకు ఒక నల్లచీమ మా వీధి అరుగెక్కి, నా ముందున్న బల్లమీద అగ్గిపెట్టె పెడుతుంది. అగ్గిపెట్టెలో మా ఆవిడ వకుళ ఉంది.

ఇందులో ఆశ్చర్యపడవలసిందేమీ నాకు కనిపించదు. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి కనుక, పెద్దాపురంలో ఎవరింట ఏ పురుగు కనిపించినా అగ్గిపెట్టెలో పెట్టుకుని ఆదివారంనాడు నా అరుగు దగ్గరకు తెస్తారు. ముప్ఫయ్యేళ్ళుగా తెస్తున్నారు. నేను భూతద్దంలో చూసి పేరు చెప్తాను, శత్రు పురుగో మిత్ర పురుగో తేలుస్తాను, నివారణ రాసిస్తాను. మనుషులు పురుగుల్ని తేగా లేనిది, పురుగులు మనుషుల్ని తేవడంలో క్రమభంగమేముంది? వరసలో రావాలి, అంతే.

వరస ఉంది. చీమ వెనక బియ్యపు ముక్కుపురుగు, దాని వెనక బొద్దింక, ఆ వెనక మా పక్కింటి నూకరత్నంగారు నించున్నారు. ముక్కుపురుగు దగ్గర కూడా ఒక అగ్గిపెట్టె ఉంది. అందులో ఎవరో దగ్గుతున్నారు. బొద్దింక తన వంతు రాకముందే ప్రతి మాటకూ మీసాలూపుతోంది. సభల్లో అలాంటివాళ్ళు ఒకరైనా ఉంటారు.

"మాస్టారూ, ఇదేం పురుగో కాస్త చూసి చెప్పాలండి," అంటుంది చీమ.

నియమం ప్రకారం అడగవలసినవి అడుగుతాను. "ఎక్కడ దొరికింది?"

"మీ గుమ్మం ముందరేనండి."

"ఎన్నాళ్ళనుంచి కనిపిస్తోంది?"

"నలభై ఏళ్ళనుంచండి. రోజూ పొద్దున్నే వచ్చి తెల్లటి పిండి రాల్చుకుంటా పోయేదండి. ముందు చుక్కలు, తరవాత గీతలు. మేం తినేవోళ్ళం. మా తాతలూ తిన్నారు."

"మరి నష్టమేముంది?"

"మూడు వారాల కింద, శుక్రవారంనాడు కూడా రాల్చిందండి. ఎప్పట్లాగే పిలిచింది గదాని వెళ్ళాం." చీమ తన మీసాలను ముంగాళ్ళతో సవరించుకుంటుంది. "వెళ్ళినోళ్ళెవరూ తిరిగి రాలేదండి."

నేను భూతద్దం తుడుస్తాను. భూతద్దం శుభ్రంగానే ఉంది.

అగ్గిపెట్టెలో వకుళ కాళ్ళు బారజాపుకుని కూర్చుని, ఒక మినపగింజను ఒడిలో పెట్టుకుని, రెండు చేతులతో దాని పొట్టు తీస్తోంది. పని లేకుండా కూర్చోవడం ఆమెకు చేతకాదు.

"ఏవండీ, స్టవ్వు మీద పాలు పెట్టొచ్చారు. చూస్తున్నారా? నేనిప్పుడు లేవలేను," అంటుంది.

"చూస్తాను," అంటాను. కదలను.

ఆ శుక్రవారం సంగతి నాకు తెలుసు. మా ఇంట్లో రెండు పాత పాలపొడి డబ్బాలున్నాయి. ఒకదానిలో వకుళ ముగ్గు కోసం బియ్యప్పిండి పోసుకుంటుంది. రాతిముగ్గు వాడదు, గుమ్మం ముందు వేసేది చీమల కడుపు నింపాలని వాళ్ళమ్మ నేర్పిన పద్ధతి. రెండోదానిలో, చక్కెర డబ్బాకు పట్టిన ఎర్రచీమల కోసం తెచ్చిన మందుపొడి నేను పోశాను, పొట్లం చిరిగింది కనుక. రెండు పొడులూ తెలుపే. మందు డబ్బాకు 'చీమల మందు, ప్రమాదం' అని ముత్యాల్లాంటి అక్షరాలతో చీటీ రాసి, కింద ఎర్రచీమ శాస్త్రీయనామం కూడా చేర్చి, నేనే అంటించాను. అంటించాననే మనవి చేస్తున్నాను. ఆ ఉదయానికి చీటీ డబ్బా మీద లేకపోవడం విచారణలో ఉన్న విషయం.

వకుళ పదకొండు చుక్కల ముగ్గు వేసింది. కాసేపటికి తెల్లగీతలన్నీ నల్లబడ్డాయి. ఇంకాసేపటికి ఆ నలుపు కదలడం మానేసింది. ఆమె గుమ్మంలో చాలాసేపు నించుని, కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకుని, "నా చెయ్యి పాడైపోయిందండీ," అంది.

ఆమె వీధిలో ఉండగానే నేను మందు డబ్బాను అటకెక్కించాను. చెప్పవలసింది ఒక్క వాక్యం. చెప్పలేదు.

ఆనాటినుంచి ఆమె ముగ్గు వెయ్యడం లేదు. రోజుకు బెత్తెడు చొప్పున తగ్గుతోంది. మొదటివారం స్టవ్వు అందడానికి పీట వేశాను. రెండోవారం చీరలను రుమాళ్ళుగా కత్తిరించాను. ప్రతి ఉదయం స్కేలుతో ఆమె ఎత్తు కొలిచి, తారీకు వేసి నోటుబుక్కులో రాస్తున్నాను. అంత పరిశుభ్రమైన నోటుబుక్కును నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా రాయలేదు. ఆ ఒక్క వాక్యం తప్ప అందులో అన్నీ ఉన్నాయి.

"మాస్టారూ, ముందు నాది చూసెయ్యండి, బస్సుంది నాకు," అని నూకరత్నంగారు బొద్దింక మీదుగా ఒక కొమ్మ చాపుతారు. "మా మందారానికి బూజట్టేసిందండి."

"బూజు కాదు, పిండినల్లి. తడిగుడ్డతో తుడిచెయ్యండి. తరవాత సబ్బునీళ్ళు చల్లండి. కొమ్మలమీద చీమలు తిరుగుతుంటే, అవే దాన్ని కాపాడి పెంచుతున్నట్టు. వాటిని..."

ఆగుతాను. చీమ వింటోంది.

"వాటిని ఏం చెయ్యమంటారు?"

"వాటిని అడగండి."

నూకరత్నంగారు చీమను అడగబోయి అగ్గిపెట్టెలోకి చూస్తారు. "అయ్యో, వకుళమ్మగారే! ఎంత చిక్కిపోయారండీ! ముగ్గు మానేసిన్నాటినుంచీ ఇంతే ఈవిడ. చేతికి దిష్టి తీయించుకోండని నేను చెప్తానే ఉన్నాను."

"తీయించుకున్నాను నూకరత్నంగారూ. లాభం లేదు."

"ఉప్పుతోనా, మిరపకాయల్తోనా?"

"రెంటితోనూ."

"అయితే మరి చెయ్యే," అని నూకరత్నంగారు తీర్పు చెప్పేసి వరసలోకి వెనక్కి తగ్గుతారు.

చీమ గొంతు సవరించుకుంటుంది. "మాకు తేలక తెచ్చామండి. నలభై ఏళ్ళు అన్నం పెట్టింది గదా, మిత్ర పురుగని కొందరంటున్నారు. ఆ శుక్రవారం మాటేంటని కొందరంటున్నారు. మీరు రాసిస్తే గొడవుండదు. మిత్ర పురుగైతే తీసుకెళ్ళి దొరికిన చోటే దింపేస్తాం. శత్రు పురుగైతే, మీరు చెప్పిన పద్ధతుంది గదా."

పురుగుల నివారణ మీద నేను అచ్చువేయించి పంచిన చిన్న పుస్తకాన్నే అది తీసి నా ముందు పరుస్తుంది. పన్నెండో పేజీ. 'పురుగు దాగియున్న పగులును గుర్తించి, మట్టితో గాని సిమెంటుతో గాని సందు లేకుండ పూడ్చవలెను.'

"మీ వంటింటి గోడలోనే మంచి పగులు చూసుంచామండి. గాలాడదు."

"నమూనా స్పష్టంగా లేదు," అంటాను. "వచ్చే ఆదివారం తీసుకురా."

"వచ్చే ఆదివారానికి కనపడదండి."

నా నోటుబుక్కు కూడా అదే చెప్తోంది.

"రాసెయ్యండి," అంటుంది వకుళ. "పాపం, వాటినెందుకు ఊరికే తిప్పడం? చేసింది నేనే కదా. ఈ చేత్తోనే కదా."

ఆమె చెయ్యెత్తి చూపిస్తుంది. భూతద్దంలో ఆ చెయ్యి బల్లంత అవుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, ఎన్ని కడిగినా పోని నలభై ఏళ్ళ పిండి తెల్లగా మెరుస్తోంది. ఆ భాగాన్ని నేను ఇంతవరకు పరిశీలించలేదని గమనిస్తాను.

కలం తీసి 'శ' అని రాస్తాను. కలంలోంచి సిరాకు బదులు తెల్లటి పొడి రాలుతుంది. ముక్కుపురుగు ఒక అడుగు వెనక్కి వేస్తుంది. నేను అక్షరాన్ని చేత్తో తుడుస్తాను; అది బల్లమీద తుడుచుకుపోయి నా చొక్కా మీద తేలుతుంది.

చీమ ఓపికగా ఉంది. నా ప్రశ్నావళి దానికి కంఠస్థం. "నమిలి తినే రకమాండి, రసం పీల్చే రకమాండి?"

"రెండూ కాదు," అంటాను. నా గొంతు పక్కింట్లోంచి వస్తున్నట్టుంది. "నోరు మూసుకుని ఉండే రకం."

"అలాంటిది కూడా ఉందాండి?"

"ఉంది. ఇళ్ళలోనే పెరుగుతుంది. తెల్లపంచె కడుతుంది, కళ్ళజోడు పెడుతుంది. పుస్తకాలున్న గదిలో ఎక్కువగా కనిపిస్తుంది. మందు డబ్బాను పిండి డబ్బా పక్కన పెడుతుంది. ఆవిడ పొరపాటున అందులోంచి ముగ్గు వేస్తే, ఆ డబ్బాను అటకెక్కించి ఊరుకుంటుంది. పక్కనున్న మనిషి రోజుకు బెత్తెడు తగ్గిపోతుంటే స్కేలు పెట్టి కొలుస్తుంది. దీన్ని చాలాకాలం మిత్ర పురుగనే అనుకుంటారు."

నూకరత్నంగారి బస్సు అరుగు ముందు ఆగి, తలుపు తెరిచి, అది కూడా వింటుంది.

వకుళ మినపగింజను పక్కన పెడుతుంది. "అయితే అది పిండి కాదా?"

"కాదు."

"నా చెయ్యి?"

"మంచిదే. ఎప్పుడూ మంచిదే."

ఆమె చేతిని కాసేపు చూసుకుంటుంది. తర్వాత నావైపు చూస్తుంది.

"మూడు వారాలండీ," అంటుంది.

అగ్గిపెట్టెలోంచి వచ్చిన ఆ మాట వీధి చివరిదాకా వెళ్ళి, అక్కడ తిరగడానికి చోటు లేక నిలబడిపోతుంది. వంటింట్లో పాలు పొంగి మాడుతున్న వాసన వస్తుంది.

ఆమె అగ్గిపెట్టె అంచు పట్టుకుని దిగి, చీమ ఆసరాతో బల్లకోడు మీదుగా వీధిలోకి నడుస్తుంది. "ఎవరి దగ్గరన్నా కాస్త పిండుందా?" అని అడుగుతుంది. ముక్కుపురుగు మొహమాటపడుతూ ముందుకొస్తుంది. మా బియ్యం డబ్బాలో ఏడాదిపాటు గింజ గింజకూ తూట్లు పొడిచి రాల్చిన పిండంతా మూటగట్టి తెచ్చింది. వకుళ వాసన చూస్తుంది, నాలిక్కి రాసుకుని రుచి చూస్తుంది, తలూపుతుంది. ఇకమీదట ఆమె అలా చూసే వేస్తుంది.

మొదటి చుక్క పెడుతుంది. బెత్తెడు పెరుగుతుంది. రెండో చుక్కకు మరో బెత్తెడు. రెండు వరసల చుక్కలు పెట్టేసరికి ఆమె తన ఎత్తుకు తాను వస్తుంది, కానీ చుక్కలు ఆగవు. చూరు దాటుతుంది. వాటర్ ట్యాంకు దాటుతుంది. ఇప్పుడు ఒక్కో చుక్కా ఒక్కో ఇల్లంత ఉంది; వీధులన్నీ గీతలై పిండిగా తెల్లబడుతున్నాయి. గీతలు తినడానికి చీమలు వస్తాయి. ఆ శుక్రవారం చనిపోయినవి కూడా వస్తాయి. వాటికి ఆకలి ఎక్కువ, అందుకని మిగతావి వాటికి ముందు దారి ఇస్తాయి. పెద్దాపురం చివరల నుంచి కొద్దికొద్దిగా తరిగిపోతోంది. నూకరత్నంగారి బస్సు వెళ్ళవలసిన రోడ్డు అయిపోయింది.

నాకిదంతా అగ్గిపెట్టెలోంచి కనిపిస్తోంది. ఎప్పుడు ఎక్కానో గమనించలేదు. నాకు సరిగ్గా సరిపోయింది. గంధకం వాసన కొద్దిగా ఉంది. పైన ఆకాశమంతా వకుళ చూపుడువేలు, బొటనవేలు. వాటి మధ్యనుంచి సన్నటి తెల్లటి ధార రాలుతోంది. ఆమె కిందికి చూడదు. చూడమని అడిగే హక్కు నా దగ్గర లేదు.

బొద్దింక మీసాలూపుతూ పెట్టె మూస్తుంది. సందులోంచి చీమ చీటీ రాయడం చూస్తున్నాను. నా పేరు రాస్తుంది, కింద 'శత్రు పురుగు' అని రాస్తుంది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

"దేంతో అంటిస్తున్నావు?" అని లోపలినుంచి అడుగుతాను.

"తుమ్మబంకతోనండి," అంటుంది చీమ. "మీ డబ్బా మీదది మేమే తినేశాం గదండీ."

విచారణ ముగిసింది. ఆ చీటీని నేను కంచంలో మిగిలిన అన్నం మెతుకుతో అంటించాను. జిగురు సీసా పక్కగదిలో ఉంది, లేవడానికి బద్ధకమేసింది.