సర్కారు పంచిన సాక్ష్యం

పట్టపగలు, బస్టాండులో అందరి ముందు, సవిత సంచిని ఎస్సై తలకిందులు చేశాడు. దువ్వెన, సగం తిన్న బిస్కట్ పొట్లం, పన్నెండు నిరోధ్ ప్యాకెట్లు నేల మీద పడ్డాయి.

"నువ్వు ధందా చేస్తున్నవనేటందుకు గిదే సాక్ష్యం," అని ఆమెను జీపెక్కించాడు. జనం ఫోన్లు తీశారు.

నాకు సంతోషమైంది. దాచడమెందుకు? నిజామాబాద్ నుంచి నేను బస్సెక్కింది ఆమెను చూడడానికే. బోధన్ దారిలోని ఆ ఊరి పేరు చెప్పను, మా అత్తగారికి చదవడం వచ్చు. మా ఆయన విష్ణు పంపుసెట్లు అమ్ముతాడు. ఆయన ఫోన్‌లో ఆమె ఫొటో కింద 'సవిత మోటర్లు' అని ఉంది. నా నంబరుకు 'ఇల్లు' అని ఉంది. డిగ్రీ చదివిన నాకు పేరు లేదు, ఆమెకుంది. పోనీ అందగత్తా అంటే, అదీ కాదు. అందుకే ఇంకా మండింది.

జీపు కదలగానే ఆమె తోటి ఆడవాళ్లు బస్టాండు వెనక రుక్మాబాయి వాకిట్లో గుమిగూడారు. వాళ్ల సంఘానికి రుక్మాబాయే పెద్ద. కోపం తీరక నేనూ వెంట నడిచాను.

"ఇగ సంచిల ప్యాకెట్లు పెట్టుకునుడు బంద్ చేద్దమక్కా. దొరకకుంటే కేసే లేదు," అంది ఒకామె.

"కేసుండదు, రోగముంటది," అంది రుక్మాబాయి. "పోయినేడు గట్లనే భయపడి బంద్ జేస్తిమి. ఇయ్యాల ఇద్దరు జిందగీ మొత్తం గోలీలు మింగాలె. ఫ్యాక్టరీల దెబ్బ తగలకుండ టోపి పెట్టుకున్న కూలోన్ని జైల్లేస్తరా? గా ప్యాకెట్లు పంచింది సర్కారు దవాఖాన. సర్కారే ఇచ్చి సర్కారే పట్టుకపోతదా?"

అప్పుడు నా మీద కన్ను పడింది. "నువ్వెవరివమ్మా?"

"విష్ణు భార్యను. మీ సవితను నాలుగు మాటలడుగుదామని వచ్చిన."

రుక్మాబాయి ఒక పీట నా వైపు జరిపింది.

"పోయిన గురువారం మీ ఆయన ప్యాకెట్ వద్దన్నడు," అంది రుక్మాబాయి. "సవిత పొమ్మన్నది. ఇంకో నలుగురి తాన అడిగిండు. నలుగురూ పొమ్మన్నరు. సంఘంల ఒక్కరి మాటే అందరి మాట."

పోయిన గురువారం ఆయన పెందలాడే ఇంటికొచ్చాడు. నేను ప్రేమనుకుని మిర్చీలు వేశాను. ఆ రోజు మా ఇంట్లో ప్యాకెట్ ఊసు రాలేదు. పద్నాలుగేళ్లలో ఎన్నడూ రాలేదు.

ఇప్పుడు నా కుళ్లు మొగుడి కోసం కాదు. ఆమె పొమ్మనగలిగింది. ఆమె వెనక నలభై మంది ఉన్నారు. నా వెనక గ్యాస్ పొయ్యి ఉంది.

"నాకొక ప్యాకెటియ్యి," అని చేయి చాచాను.

ప్యాకెట్లు పైకెత్తి అందరం స్టేషన్‌కు నడిచాం. చెరకు ట్రాక్టర్లు ఆగాయి. కొందరు ఈలలు వేశారు. రుక్మాబాయి వాళ్లను పేరుపేరునా పలకరించింది. ఈలలు ఆగిపోయాయి.

"సవితనన్న ఇడువు, మమ్మల్నందర్నన్న రాసుకో సారూ! సాక్ష్యం మేమే తెచ్చినం," అని అరిచింది రుక్మాబాయి.

ఎస్సై నన్ను ఎగాదిగా చూశాడు. "మంచింటామె లెక్కున్నరు. మీకేం పని ఈళ్లతోని?"

"రాసుకోండి సార్. భాగ్యలక్ష్మి, బీఏ. నా దగ్గర గూడ ఉన్నది."

రాయలేదు. మా ఆయన నంబరడిగాడు. సంతోషంగా ఇచ్చాను.

గంటలో విష్ణు వచ్చాడు. గుంపులోంచి నలుగురు నమస్తే పెట్టారు.

"ఇజ్జత్ తీసినవ్. నడువు ఇంటికి," అన్నాడు పళ్లు కొరుకుతూ.

"సవితను ఇడిస్తేనే కదుల్త. రేపు నువ్వు దవాఖానకు పోయి రక్తపరీక్ష చేయించుకో. నేను గూడ చేయించుకుంట. ఇగ మనింట్ల గూడ ప్యాకెట్ లేకుంటే దగ్గరికి రాకు."

అంతమందిలో అన్నాను కాబట్టి అనగలిగాను. చప్పట్లు మోగాయి. విష్ణు బూట్లు చూసుకుంటూ గేటు దాటాడు.

"అందర్ని లోపలెయ్యి!" అని ఎస్సై కేకేశాడు. లాకప్ తలుపు తెరవగానే ముందు నేనే వెళ్లాను.

సవిత గోడకు ఆనుకుని కూర్చుంది. దగ్గరి నుంచి చూస్తే బాగానే ఉంది. ఇంకాస్త కుళ్లుకున్నాను.

"మీ ఆయన మంచోడు కాదక్కా," అంది, బయట నేనన్న మాటలు విని నన్ను గుర్తుపట్టి.

"తెలుసు. కొంచెం జరుగు," అన్నాను. "అందరు లోపలికొస్తున్నరు."