వాగు పాఠం

ఎనిమిదో తరగతి పిల్లలు కట్టిన వాగును ప్రిన్సిపాల్ వాళ్ల కళ్లముందే చెత్తడబ్బాలో పడేయించాడు. ప్లాస్టిక్ ట్రేలో మట్టిగుట్ట, ఒకవైపు గడ్డి, మధ్యలో కాలువ, అంతే అది. మనవాళ్లు వలసొచ్చిన ఈ విదేశీ శివారు స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో కొత్త ఇళ్ల కోసం కాంట్రాక్టరు గుట్టమీది చెట్లన్నీ కొట్టేశాక, వానొస్తే వాగు ఎందుకు ఎర్రబడుతోందో, చేపలు ఎందుకు చచ్చి తేలుతున్నాయో ఆ నమూనా చూపిస్తుంది. బడికి ఆటస్థలం కట్టించింది కూడా ఆ కాంట్రాక్టరే. నేలను తవ్వి అమ్ముకునేవాడికి బడి నోరు కొనడం ఒక లెక్కా?

గుమ్మంలో నిలబడి చూస్తున్న సత్యభామకు లోలోపల హాయిగా అనిపించింది. ఆ బడిలో సైన్సుకు ఆమే పాతకాపు. నిన్నగాక మొన్న వచ్చి, పిల్లలతో ఆ వాగు కట్టించిన అమృత టీచరు చుట్టూ పిల్లలు మూగుతుంటే, తన క్లాసులో ఆవులిస్తుంటే, ఆమెకు అన్నం సహించేది కాదు. ఆ నమూనాలో తప్పు పట్టాలని, అంతకుముందే ఎవరూ లేనప్పుడు తనే నీళ్లు పోసి చూసింది. గడ్డి ఉన్నవైపు తేటగా, గడ్డి పీకినవైపు ఎర్రగా దిగాయి. ఇంత తేలిక పాఠం తనకెందుకు తట్టలేదని ఒళ్లు మండిపోయింది.

ఆ గొడవ మీద పెట్టిన పేరెంట్స్ మీటింగుకు హాలు నిండింది. కాంట్రాక్టరు దగ్గర ఇంజనీరుగా చేసే వాసుదేవరావు లేచాడు.

"బతకడానికొచ్చాం మనం. జాబ్స్ పోతే ఈ చేపలు పెడతాయా తిండి?"

"పిల్లలు చెప్పింది నిజమా కాదా? ముందది తేల్చండి!" అని వెనకనుంచి ఓ పిల్లాడి తల్లి, నర్సు లాస్య అరిచింది.

ప్రిన్సిపాల్ సత్యభామ వైపు తిరిగాడు. నమూనా తప్పని ఒక్క మాటంటే సైన్సు విభాగం ఆమె చేతికిస్తానని పొద్దున్నే ఆశపెట్టాడు.

"తప్పుంటే చెప్పండక్కా. పిల్లలతో సరిచేయిస్తా," అంది అమృత.

ఆ నెమ్మదికి సత్యభామకు ఇంకా మండింది. అయినా అబద్ధం నోటికి రాలేదు.

"నమూనా కరెక్టే. నేనే నీళ్లు పోసి చూశాను."

చప్పట్లు మోగాయి. జనమంతా వెళ్లి చుట్టుముట్టింది మాత్రం అమృతనే.

మర్నాడు అమృతను సస్పెండ్ చేశారు. ఆమె క్లాసు సత్యభామకిచ్చి, టెక్స్ట్‌బుక్ దాటొద్దన్నారు. పిల్లలెవరూ పుస్తకం తెరవలేదు.

"వి వాంట్ అమృత మిస్," అన్నాడు కిట్టు.

ఆ మాట సత్యభామకు సూదిలా దిగింది. పుస్తకం టపీమని మూసింది.

"ట్రేలు తియ్యండి. బయటికెళ్లి మట్టి తెండి!"

పిల్లలు ఒక్కసారిగా లేచారు. పక్క క్లాసులవాళ్లూ వచ్చి కలిశారు. వాళ్ల టీచరు కౌశల్ ఇంకొన్ని ట్రేలు మోసుకొచ్చాడు. వరండా పొడవునా వాగులు లేచాయి.

ప్రిన్సిపాల్ పరుగున వచ్చాడు. "మళ్లీ అమృత పాఠమేనా?"

"కాదు. నాది!" అంది సత్యభామ. "నన్నూ సస్పెండ్ చెయ్యండి."

"అవర్స్! మా అందరి పాఠం!" అని అరిచింది అక్షర. ఆమె వాసుదేవరావు కూతురే. వరండా అంతా అదే కేక అందుకుంది.

బడి వదిలే వేళకు పిల్లలు ట్రేలెత్తుకుని కాంట్రాక్టరు సైట్ ఆఫీసు వైపు కదిలారు. తీసుకెళ్లడానికొచ్చిన అమ్మానాన్నలు కార్లు దిగి వెనక నడిచారు. గేటు దగ్గర వాసుదేవరావు కూతుర్ని ఆపబోయాడు. ఆ పిల్ల ఆగలేదు. చివరికి తలొంచుకుని అతనూ కలిశాడు.

"అమృతకి ఫోన్ చెయ్ కౌశల్, సైట్ దగ్గరికి రమ్మను," అంది సత్యభామ. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"కానీ ఇవాళ ముందు నడిచేది నేను!"